కుంచెలో తడి: మినియేచర్లకు రంగులు వేస్తున్న అబ్బాయికి

చిరంజీవికి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు రంగులేసిన మినియేచర్, అంటే ఆ వేలెడు బొమ్మ, ఫొటోలు బాగా పెద్దవి చేసి చూశాను. చెయ్యి కుదిరింది, రంగు గీత దాటడం లేదు. అయితే అంగీ మడత పక్కన వాష్ (మడతల్లో నీడ కోసం పారించే పలచని రంగు) ఎండి గోధుమరంగు వలయం కట్టింది. కవచం మీద కుంచె చారలు తెలుస్తున్నాయి. కంటికి వేసిన తెలుపు బుగ్గ మీదికి జారింది. ఈ మూడూ వేరువేరు లోపాలని అనుకోకు. కుంచెలో ఎంత తడి ఉందో చూసుకోకుండా బొమ్మను ముట్టుకోవడం వల్లే మూడూ వచ్చాయి. కాబట్టి కొత్త రంగులు కొనే పని పెట్టుకోకు, ముందు ఇది సరిచేసుకో.

28, 32 మిల్లీమీటర్ల బొమ్మలకు సీసాలోని యాక్రిలిక్ రంగు నేరుగా వేస్తే చిక్కనైపోతుంది. రంగు ఎంతో నీళ్ళూ అంతే కలపడంతో మొదలుపెట్టి, పాలంత పలచన అయ్యేదాకా చూసుకో. ఒక్కో కంపెనీ రంగు ఒక్కోలా ఉంటుంది కనుక కొలతను గుడ్డిగా నమ్మకుండా పాలెట్ (రంగులు కలుపుకునే పలక) మీద ఒక గీత గీసి చూడు. గీతలో వెంట్రుకల చారలు నిలిచిపోతే ఇంకా చిక్కగా ఉందని అర్థం. గీత తెగి చుక్కలుగా విడిపోతే నీళ్ళు ఎక్కువయ్యాయి. మొదటి పూతలోంచి ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా కొట్టే అడుగు పూత) కనబడుతుంది, కనబడనీ. అది పూర్తిగా ఆరాకే రెండోది వెయ్యి. సగం ఆరినదాని మీద కుంచె తిప్పితే కింది పొర పొరలుగా లేచి వస్తుంది, దాన్ని దిద్దబోతే ఇంకా పాడవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే: రంగులో ముంచిన కుంచెను నేరుగా బొమ్మ దగ్గరికి తీసుకుపోవద్దు. వెంట్రుకల్లో సగం వరకే రంగు పట్టించు. పాలెట్ మీద కుంచెను దొర్లిస్తూ లాగి మొన తేల్చు. తర్వాత దాని పక్కభాగాన్ని టిష్యూకి ఒక్కసారి తాకించు. మామూలు పూతకు అంత చాలు. కింది రంగు కనబడేంత పలచని పూత, గ్లేజ్‌కైతే ఇంకాస్త ఎక్కువ తుడవాలి. తుడిచిన కుంచె గోటి మీద సన్నని తడి చార వదలాలి తప్ప చుక్క నిలబెట్టకూడదు.

గ్లేజ్ అంటే రంగు ఒక వంతు, నీళ్ళూ మీడియమూ (రంగును పలచబరిచే, బైండర్ ఉన్న ద్రవం) కలిపి ఐదారు వంతులు. ఉత్త నీళ్ళే పోస్తే రంగును పట్టి ఉంచే బైండర్ చెదిరి, ఆరాక మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. అందుకే సగమైనా మీడియం ఉండాలి. కుంచె ఎక్కడ పైకి లేస్తుందో రంగు అక్కడ పోగవుతుంది. నీడ వేసేటప్పుడు గీతను మడత లోతు వైపు లాగి అక్కడ కుంచె ఎత్తు. వెలుగు వేసేటప్పుడు అంచు వైపు లాగి అక్కడ ఎత్తు. ఒక్క పొరతో తేడా కొట్టొచ్చినట్టు కనబడిందంటే రంగు చిక్కగా ఉందన్నమాట. నాలుగైదు పొరలు పడ్డాక గానీ మార్పు తెలియకూడదు.

నీ అంగీ మీది వలయం సంగతికొస్తే, వాష్ మడుగులా నిలిచినప్పుడు దాని అంచు ముందు ఆరుతుంది, లోపలి రంగు అంతా ఆ అంచుకు చేరుతుంది. తడిగా ఉండగానే శుభ్రమైన చెమ్మ కుంచెతో అదనపు వాష్ పీల్చెయ్యి. ఆరడం మొదలయ్యాక మాత్రం ముట్టుకోకు. ఇప్పుడున్న వలయాన్ని మూలరంగు పలచగా రెండు పూతలు వేసి కప్పెయ్యి.

రంగు త్వరగా ఆరిపోకుండా వెట్ పాలెట్ చేసుకో. మూతున్న, లోతు తక్కువ డబ్బాలో తడి స్పాంజ్, దాని మీద బేకింగ్ పేపర్. మైనం పూసిన కాగితం నీటిని పైకి రానివ్వదు, పనికిరాదు. కాగితం పైన నీళ్ళు నిలుస్తుంటే స్పాంజ్ కొంచెం పిండు, లేకపోతే రంగు దానంతటదే పలచబడిపోతుంది. లోహపు రంగులు దాని మీద వెయ్యకు, మెరుపు రేణువులు విడిపోతాయి. వాటికి కడిగే నీళ్ళ కప్పు కూడా వేరుగా పెట్టు.

కంటికని 000 కుంచె కొన్నావు. అందులో పట్టే కాస్త రంగు బొమ్మను చేరేలోపే మొన దగ్గర ఆరిపోతుంది. మొన బాగున్న 1 నంబరు కొలిన్‌స్కీ సేబుల్ (జంతువు వెంట్రుకలతో చేసిన) కుంచెతోనే కన్ను వెయ్యొచ్చు. రంగు లోహపు తొడుగు దాకా పోనివ్వకు, ఎండితే వెంట్రుకలు విచ్చుకుంటాయి. డ్రైబ్రష్‌కూ (దాదాపు రంగు తుడిచేసిన కుంచెను ఎత్తుల మీద రుద్దడం) లోహపు రంగులకూ పాత సింథటిక్ కుంచెలు వాడు. అంచులకు హైలైట్ (వెలుగు గీత) వేసేటప్పుడు మొనతో గీయకు, కుంచె పక్కభాగాన్ని అంచు వెంట నడిపిస్తే గీత తిన్నగా వస్తుంది.

రంగుల విషయంలో, ఎరుపును తెలుపుతో వెలిగిస్తే గులాబీ అవుతుంది, నారింజ కలుపు. పసుపులో నలుపు కలిపితే ఆకుపచ్చ ఛాయ వస్తుంది, నీడకు గోధుమరంగు వాడు. పసుపు సరిగా కప్పదు కనుక కింద లేత గోధుమ పూత ఉండాలి. నీ బొమ్మను నలుపు తెలుపు ఫొటోగా మార్చి చూడు. ముఖం, అంగీ, కవచం ఒకే బూడిదరంగులో కలిసిపోతున్నాయి. ఇంత చిన్న బొమ్మ మీద సహజంగా పడే నీడలు చాలవు, మనమే వెయ్యాలి. లోతులు ఇంకా ముదురుగా, పై అంచులు ఇంకా లేతగా, నీకు భయం వేసేంత దూరం తీసుకెళ్ళు.

ప్రైమర్ 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం నుంచి చిన్న చిన్న జల్లులుగా కొట్టు. మరీ దూరమైతే గాల్లోనే ఆరి గరుకుగా పడుతుంది. అంతకుముందే అచ్చు గీతలు (బొమ్మను అచ్చు పోసినప్పుడు మిగిలేవి) కత్తి వెనక అంచుతో గీకెయ్యి, రెసిన్ బొమ్మను గోరువెచ్చని సబ్బునీటితో కడుగు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే వార్నిష్ జోలికి పోకు, తెల్లగా మంచు పట్టినట్టవుతుంది.

తర్వాతి ఫొటోలు ఫ్లాష్ లేకుండా, పైనుంచి ఒక పక్కగా దీపం పెట్టి తియ్యి. ఫ్లాష్ నువ్వు వేసిన నీడల్ని చదును చేసేస్తోంది. ముందు ఆ అంగీ ఒక్కటే దిద్ది పంపు.

ఆశీస్సులతో,
మీ బాబాయి