కొత్త జడ్జిని. తీర్పులు పేజీలకు పేజీలు వస్తున్నాయి కానీ కారణాలు బలంగా లేవంటున్నారు. రాత ఎలా మెరుగుపడుతుంది?

చాలా ఏళ్లు సివిల్ కోర్టుల్లో జడ్జిగా పనిచేశాను. మీకున్న జబ్బే నాకూ ఉండేది. మొదట్లో ఒక ప్రోనోటు దావాలో పీడబ్ల్యూ-1 (వాది తరఫు మొదటి సాక్షి) చీఫ్‌లో, అంటే సొంత పక్షం విచారణలో ఏమన్నాడు, క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం ప్రశ్నిస్తే ఏమన్నాడు అంటూ ప్రతి సాక్షి మాటా దించుకుంటూ పోయాను. అదే పద్దెనిమిది పేజీలు. చివర్లో "పై సాక్ష్యాన్ని బట్టి వాది తన కేసు రుజువు చేసుకున్నాడు" అని ఒక్క వాక్యం. సంతకం తనది కాదన్న ప్రతివాది వాదనను ఎక్కడా పరిశీలించలేదంటూ అప్పీల్లో కేసు రిమాండ్ చేశారు, అంటే మళ్లీ తేల్చమని కింది కోర్టుకు తిప్పి పంపారు. తప్పు నాదే. సాక్ష్యం ఎత్తిరాస్తే దాన్ని తూచినట్టే అనుకున్నాను.

సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 20 రూల్ 4 అడిగేది కేసు సంగతి క్లుప్తంగా, తేల్చాల్సిన అంశాలు, వాటిపై నిర్ణయం, అందుకు కారణాలు. క్లుప్తంగా అన్న మాట చట్టంలోనే ఉంది!

ఆ తర్వాత సాక్షుల వరస మానేసి ఇష్యూల (తేల్చాల్సిన అంశాల) వరస పట్టుకున్నాను. "నోటు మీద సంతకం ప్రతివాదిదేనా?" అన్న ఇష్యూ కింద సంతకం గురించి మాట్లాడినవాళ్లే రావాలి. అది తేలాకే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 కింద ప్రతిఫలం ముట్టిందన్న ప్రిజంప్షన్ (కాదని రుజువయ్యేదాకా నిజమని చట్టం అనుకోవడం). "సాక్షి విశ్వసనీయుడు" అని వదిలేయకుండా ఇలా రాయండి (అటెస్టర్ అంటే నోటు మీద సాక్షి సంతకం చేసినవాడు): "అటెస్టర్‌ను నమ్ముతున్నాను. నోటు రాసినప్పుడు ఎవరెవరు ఉన్నారో చెప్పాడు, క్రాస్‌లో ఆ మాట చెదరలేదు, అతనికి ప్రతివాదితో తగాదా ఉందన్న సూచనకు ఆధారం లేదు." ఓడినవాడికి కోపం రావచ్చు కానీ ఎందుకు ఓడాడో తెలుస్తుంది.

పేరాలకు నంబర్లు వేయండి. 2022లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ అజయ్ కుమార్ సూద్ కేసులో ఒక హైకోర్టు తీర్పు అర్థం కావడం లేదని సుప్రీంకోర్టు పక్కనపెట్టి, పేరాల నంబర్ల సంగతి కూడా చెప్పింది. కొత్త జడ్జిలంతా ఒకసారి చదవాలి.

ఇక "కోరిన విధంగా దావా డిక్రీ చేయడమైనది" అని ఎప్పుడూ రాయకండి. ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేశాక అసలెంత, వడ్డీ ఏ తేదీ నుంచి, ఎంత శాతం అని మళ్లీ తగువే. సంతకం పెట్టాక రివ్యూలోనో, సీపీసీ సెక్షన్ 152 కింద రాతపొరపాట్లకో తప్ప తీర్పు మార్చలేం. అందుకే ఆఖరి పేరాను స్టెనోతో పైకి చదివించుకునేవాణ్ణి. కంటికి కనపడని అంకె తప్పు చెవికి దొరికిపోయేది.