సిమ్యులేషన్‌లో సూపరు, ల్యాబ్‌లో ఢమాల్

ప్రశ్న: సర్, మాది మధురవాడ సైడు ఇంజినీరింగ్ కాలేజీ. గెజిబో అనే సిమ్యులేటర్‌లో మా రోబో ఆర్మ్ పార్టులన్నీ ట్రేలో నీట్‌గా సర్దేస్తోంది. అదే కోడ్ ల్యాబ్‌లో అసలు ఆర్మ్‌కి ఎక్కిస్తే పార్ట్ మధ్యలో జారిపోయినా ఖాళీ గ్రిప్పర్‌తోనే ట్రే దాకా వెళ్లొస్తోంది. ఇంటి నుంచి చూసుకోడానికి రౌటర్‌లో పోర్ట్ కూడా ఓపెన్ చేశాం. ఏం మార్చాలి?

జవాబు: మళ్లీ ఇదే కంప్లయింటు. ఆటోనగర్ నుంచి రాసేవాళ్లదీ ఇదే గోల. మీ సిమ్యులేషన్‌లో ఏదీ చెడిపోదు కదా, అక్కడుంది అసలు రోగం. అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ వాళ్లు 2017లో మొదలుపెట్టిన ఏరియాక్ అనే రోబో పోటీ చూడండి, అదీ సిమ్యులేషనే, కానీ పని సగంలో ఉండగా అర్జెంటు ఆర్డరొకటి పడేస్తారు, పార్ట్ జారవిడిచేలా చేస్తారు, డిఫెక్ట్ పీసులు కలుపుతారు, కాసేపు సెన్సర్లు ఆపేస్తారు, మనిషి చెయ్యి పెట్టకుండా రోబోనే సర్దుకోవాలి. మీరూ అంతే, పట్టుకున్నాక ఒక్కసారి చూసి వదిలెయ్యకుండా ట్రే చేరేదాకా గ్రిప్పర్‌లో పార్ట్ ఉందో లేదో చూస్తూనే ఉండాలి, గెజిబోలో ఎప్పుడు పడితే అప్పుడు పార్ట్ జార్చేసి టెస్ట్ చెయ్యండి.

అది సరే గానీ, ఆ పోర్ట్ ఏంటి బాబూ? ముందు మూసెయ్యండి! రోబోలని నడిపే రాస్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటో వెర్షన్‌లో పాస్‌వర్డ్ అనేదే లేదు, దాని 11311 పోర్ట్ తెరిచి ఉంటే ఎవడైనా లోపలికొచ్చి టాపిక్స్ (రోబో భాగాలు డేటా, కమాండ్లు పంపుకునే ఛానెళ్లు) లిస్టు చూసి మీ ఆర్మ్‌ని ఊపేయొచ్చు. బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు ఇంటర్నెట్ మొత్తం వెతికితే ఇలా బార్లా తెరిచిపెట్టిన రాస్ సిస్టమ్‌లు వందకి పైనే దొరికాయని 2018లో బయటపెట్టారు, ఓనర్ల పర్మిషన్‌తో ఒకదాని కెమెరా చూసి, రోబోని కదిలించారు కూడా. పైగా రాస్ ఒకటిలో ఆఖరిదైన నోయెటిక్‌కి 2025 మేలోనే సపోర్ట్ అయిపోయింది.

రాస్ 2కి మారాం, ఇంక సేఫ్ అంటారేమో, అందులో సెక్యూరిటీ ఉంది కానీ మీరు ఆన్ చేస్తేనే. ఏ రోబో ఏ గ్రూపుదో చెప్పే డొమైన్ ఐడీ నంబర్ మార్చకపోతే అందరిదీ సున్నానే, ఒకే వైఫైలో రెండు టీములుంటే పక్కోడి కమాండ్‌కి మీ ఆర్మ్ లేస్తుంది, దాని ముందు ఎవరి తలకాయుందో దానికేం తెలుసు. ఇంటి నుంచి చూడాలంటే వీపీఎన్ (ల్యాబ్ నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన ప్రైవేటు దారి) పెట్టుకోండి, అదీ చూడ్డానికే, కదపడానికి కాదు. ఆర్మ్ తిరుగుతున్నంతసేపూ ఎమర్జెన్సీ స్టాప్ దగ్గర మనిషుండాలి.

సెకండ్ హ్యాండ్ ఆర్మ్ కొన్నవాళ్లకీ ఓ మాట, అమ్మినాయన రిమోట్ సపోర్ట్ అని పెట్టి వెళ్లిన యాప్ ఇంకా నడుస్తోందేమో, ఇవాళే చూడండి.