బూట్లు, మొక్క, వేణువు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. ఎండిపోతున్న గ్రహం, అక్కడివాళ్ల జ్ఞాపకాలు దాచిపెట్టే యంత్రం. ఊహ చాలా బాగుంది. కానీ పన్నెండు పేజీల్లో ఐదు పేజీలు ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడానికే సరిపోయాయి. సైన్సు తెలియకుండా రాసిందని ఎవరైనా అంటారేమోనని నీ టెన్షన్. నీ వయసులో నాకూ ఆ భయం ఉండేది.

ఒక పని చెయ్యి. 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ టీవీ సీరియల్ ఐదో సీజన్‌లో 'ది ఇన్నర్ లైట్' అనే ఎపిసోడ్ ఉంది. 1992 జూన్‌లో అమెరికాలో ప్రసారమైంది, మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డు గెలుచుకుంది. కథ మోర్గన్ గెండెల్‌ది, స్క్రిప్టు ఆయనా పీటర్ అలన్ ఫీల్డ్సూ కలిసి రాశారు. అది చూడు.

అంతరిక్షంలో తేలుతున్న ఒక పరికరం నుంచి కిరణం తగిలి అంతరిక్ష ఓడ కెప్టెన్ పికార్డ్ స్పృహ తప్పి పడిపోతాడు. ఓడలో గడిచేది పాతిక నిమిషాలే. ఆయనకు మాత్రం కటాన్ అనే గ్రహం మీద, కామిన్ అనే పేరుతో ఒక జీవితమే గడిచిపోతుంది. పెళ్లాం, పిల్లలు, మనవడు, ముసలితనం. ఆ గ్రహం వెయ్యేళ్ల కిందటే నాశనమైపోయిందని చివర్లో తెలుస్తుంది. తమను ఒక్కరైనా గుర్తుపెట్టుకోవాలని వాళ్లు పంపుకున్నదే ఆ పరికరం.

ఆ కిరణం మెదడులో ఏం చేసిందో దాదాపు ఏమీ చెప్పరు. చూస్తున్నంతసేపూ నాకు అడగాలనే అనిపించలేదు. ఆ ఊరివాళ్లు కరువులో నడివీధిలో మొక్క నాటుకుని, ఉన్న కాసిని నీళ్లలోనే దాన్ని బతికించుకుంటారు. మా అనంతపురం ఇంట్లో అమ్మ బియ్యం కడిగిన నీళ్లు కరివేపాకు మొక్క కోసం దాచేది. అది గుర్తొచ్చాక ఆ గ్రహం నాకు పరాయిది కాలేదు.

భార్య ఎలీన్ చనిపోయే ఘట్టాన్ని ఆపి ఆపి చూడు. అన్నేళ్ల కాపురం తర్వాత ఆమె భర్తకు చెప్పే ఆఖరి మాట, బూట్లు తీసి సర్దిపెట్టుకోమని. అలాగేనని ఆయన మాటిస్తాడు. అంతే. పెద్ద డైలాగు రాయడానికి ఎంత వీలున్న చోటు అది! రచయితలు చెయ్యి బిగబట్టుకున్నారు చూశావా? నేనైతే అక్కడ ఒక పేజీ రాసి పాడుచేసి ఉండేవాణ్ణి.

చివరి సీను కూడా చూడు. ఆ పరికరంలో దొరికిన పెట్టెను ఓడలో పికార్డ్ తర్వాతి అధికారి రైకర్ తెచ్చిచ్చి వెళ్లిపోతాడు. లోపల కామిన్ వాయించిన వేణువు. పికార్డ్ దాన్ని గుండెకు హత్తుకుని, కిటికీ వైపు తిరిగి, అక్కడ నేర్చుకున్న పాటే వాయిస్తాడు. పక్కన ఎవరూ లేరు, ఒక్క మాటా లేదు.

ఇక నీ కథ. ఏడో పేజీలో ఒక తాతయ్య ఖాళీ చెంబుతో పక్కింటి గుమ్మం దాకా వెళ్లి, అడగలేక వెనక్కి వస్తాడు. రెండే వాక్యాల్లో రాసి మళ్లీ యంత్రం దగ్గరికి పరిగెత్తావు. నన్ను రాత్రంతా పట్టుకున్నది ఆ తాతయ్యే. ఆ పక్కింట్లో ఎవరున్నారు? ఆ రోజు వాళ్లింట్లో ఎన్ని నీళ్లున్నాయి? అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టు. సంక్రాంతికి ఊరొస్తున్నావుగా, రాసినంతవరకు తెచ్చి చూపించు.

ప్రేమతో,
మీ మాస్టారు