జ్ఞానదంతం తీశాక నోరు తెరుచుకోవడం లేదు

ప్రశ్న: నా వయసు 27. కింది దవడలో కుడివైపు అడ్డంగా ఇరుక్కున్న జ్ఞానదంతాన్ని ఐదు రోజుల కిందట చిగురు కోసి తీశారు. వాపు తగ్గుతోంది గానీ, పళ్ల మధ్య ఒక్క వేలు దూరడమే కష్టంగా ఉంది. కుట్లు ఊడిపోతాయని ఇంట్లోవాళ్లు దవడ కదపనివ్వడం లేదు. ఇప్పటికీ ఐసే పెట్టిస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: మీవాళ్ల భయం సహజమే గానీ, ఐదో రోజుకి మీ దవడకు కాపడమూ కదలికా రెండూ కావాలి. కింది జ్ఞానదంతానికి ఆనుకునే నమిలే కండరాలు ఉంటాయి కనుక, కోత వల్ల వచ్చిన వాపు వాటికీ పాకి, అవి బిగుసుకుపోతాయి; మత్తు ఇంజెక్షన్ సూది ఆ కండరంలో గుచ్చుకున్నా ఇలాగే జరుగుతుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఈ బిగుతు సడలుతుంది.

ఐసు మొదటి రెండు రోజులకే. ఇప్పుడు వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను, ఓర్చుకోగలిగిన వేడితో, చెంపకు పావుగంట సేపు రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. కాపడం తీసిన వెంటనే అద్దం ముందు కూర్చుని, కొద్దిగా లాగినట్టు అనిపించేదాకా మెల్లగా నోరు తెరిచి, ఐదారు సెకన్లు ఆపి మూయండి. ఇలా పదిసార్లు చేయాలి. డాక్టరు రాసిన నొప్పి మాత్రను ఏదైనా తిన్నాక వేసుకుని, ముప్పావుగంట ఆగి మొదలుపెడితే సులువు. బలవంతంగా మాత్రం తెరవకండి. శుభ్రమైన ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదానిపై ఒకటి పేర్చి, పళ్ల మధ్య ఎన్ని పడుతున్నాయో రోజూ పొద్దున చూసుకుంటే, ఒక్క పుల్ల పెరిగినా ధైర్యం వస్తుంది. చివరికి మూడు వేళ్లు నిలువుగా పడితే చాలు.

గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, తిన్న ప్రతిసారీ మెల్లగా పుక్కిలించండి. రాగి అంబలి, మెత్తగా పిసికిన పెరుగన్నం మంచివి. బీచ్ రోడ్డు ముంత మసాలాను కొన్నాళ్లు మరచిపోండి. అందులోని మరమరాలూ వేరుశనగ పలుకులూ గాయపు గుంటలో ఇరుక్కుంటే తీయడం కష్టం. లవంగం నూనె గాయంలో పోయకండి.

తగ్గుతున్న నొప్పి తిరగబెట్టి చెవిదాకా పాకినా, నోటి దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా, నోరు నిన్నటికంటే తక్కువ తెరుచుకుంటున్నా అదే రోజు మీ దంతవైద్యునికి చూపించండి. వాపు మెడకు దిగి మింగడమో, ఊపిరి తీయడమో కష్టమైతే తెల్లారేదాకా ఆగకుండా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకో, దగ్గర్లోని పెద్దాసుపత్రికో వెళ్లిపోండి.