పెట్టెల్లోని చేతిగంటలు మళ్లీ మోగాలంటే?

ప్రశ్న: పెన్సిల్వేనియాలో మేము వెళ్లే చర్చిలో మూడు ఆక్టేవుల (స్వర స్థాయిల) చేతిగంటలు – చేత్తో ఊపితే ఒక్కొక్కటి ఒక్కో స్వరం పలికేవి – కరోనా నాటి నుంచి పెట్టెల్లోనే ఉన్నాయి. 11 మంది ఉండవలసిన బృందంలో ఐదుగురమే మిగిలాం. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మూడు ఆక్టేవులకు ఉండే మొత్తం 37 గంటలూ ఇప్పుడే మోగాలని పట్టుబట్టకండి, అమ్మా. మనిషికి రెండు చొప్పున పది గంటలు చాలు. అందరికీ తెలిసిన కీర్తననొకదాన్ని ఆ పది స్వరాలకు కుదించుకొని ఆరాధనలో వినిపిస్తే, కొత్తవారిని పిలవడానికి అంతకన్నా మంచి మార్గం లేదు. స్వరలిపి రాదని వెనుకాడేవారికి, వారు మోగించవలసిన స్వరాల చుట్టూ రంగు పెన్సిలుతో సున్నాలు చుట్టి ఇవ్వండి. ఒక్కరు రాకపోయినా పాటలో ఆ స్వరాలు ఖాళీ అవుతాయి కనుక, ప్రతి స్థానానికీ మరొకరిని సిద్ధం చేసుకోవడం అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. చెమట తగిలితే కంచు మసకబారుతుంది. నూలు చేతితొడుగులు మరవకండి. గంట నాలుకను వెనక్కి నిలిపే స్ప్రింగు సడలిందేమో ముందుగా చూడండి.