చెప్పుకోలేని ఆలోచన వచ్చిన తల్లికి

ప్రశ్న: మేము గుంటూరు లక్ష్మీపురంలో ఉంటాము. మా బాబుకు ఏడేళ్లు. మూడో ఏట ఆటిజం అని చెప్పారు. స్పీచ్ థెరపీకి, ఆక్యుపేషనల్ థెరపీకి క్రమం తప్పకుండా తీసుకువెళ్తున్నాను. ఇప్పటికీ నాలుగైదు మాటలే పలుకుతాడు, రాత్రిళ్లు సరిగా నిద్రపోడు. ఈ మధ్య మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌లో మైకు చప్పుడుకు చెవులు మూసుకుని, నేల మీద పడి గట్టిగా ఏడ్చాడు. అందరూ చూస్తుండగా వాడిని ఎత్తుకుని బయటికి వస్తున్నప్పుడు ‘వీడు పుట్టకపోయి ఉంటే బాగుండేది’ అనిపించింది. ఆ రాత్రి నుంచి ఇంకా ఘోరమైన ఆలోచనలు వస్తున్నాయి. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వాడిని నేనే తోసేస్తానేమోనని భయం. అందుకని వాడితో మేడ ఎక్కడం మానేశాను, వాడు పక్కనుంటే కూరలు తరిగే కత్తి ముట్టుకోవడం లేదు. మా అత్తగారు ‘నీ పూర్వజన్మ కర్మ’ అంటారు. మా వారు ‘పిచ్చి ఆలోచనలు మానెయ్’ అన్నారు. నేను నిజంగా అలా చేస్తానా? బాబుకు థెరపిస్టులు ఉన్నారు, నాకు థెరపిస్టు ఏం చేయగలరు?
– పేరు వెల్లడించవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, హాని చేయాలన్న కోరిక ఉన్న మనిషి ఆ కోరికకు భయపడి మేడ ఎక్కడం మానుకోవడం సాధారణంగా జరగదు. ఆ ఆలోచన మీకు ఎంత రోతగా ఉందో, బాబుకు ఏమీ కాకూడదని మీరు ఎన్ని పనులు వదులుకున్నారో మీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. వద్దన్నా మనసులోకి చొరబడి భయపెట్టే ఇటువంటి ఆలోచనల మీద 1978లో రాక్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు ఒక అధ్యయనం చేశారు. ఏ మానసిక వ్యాధీ లేని వారిని అడిగితే వారిలోనూ అత్యధికులకు ఇవి వస్తున్నట్లు, చికిత్స తీసుకుంటున్న వారి ఆలోచనలకూ వీరి ఆలోచనలకూ విషయంలో పెద్ద తేడా లేనట్లు తేలింది. మొదటి వర్గం వారు వాటిని విదిలించుకుని తమ పనిలో పడతారు. రెండో వర్గం వారికి అవి తరచుగా, తీవ్రంగా వచ్చి ఒక పట్టాన వదలవు.

ఉత్తరం చదివి రోగ నిర్ధారణ చేయడం ఎవరికీ తగదు కాబట్టి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ ఆలోచన భయంగా కాక కోరికగా అనిపించినా, ఎలా చేయాలా అని మనసు ఉపాయం వెతుకుతున్నా, ఎవరో చెవిలో చెబుతున్నట్లు వినిపించినా, ‘వాడూ నేనూ లేకపోతే అందరికీ మంచిది’ అన్న తలంపు వచ్చినా వారం ఆగవద్దు. బాబును ఇంట్లో మరొకరి చేతిలో పెట్టి, అదే రోజు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి గానీ, దగ్గరలోని మానసిక వైద్యుల వద్దకు గానీ వెళ్లండి. అర్ధరాత్రి అయితే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ టెలి-మానస్ సేవ ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా అందుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక మీ వారి సలహా. ఆయన మీ మేలు కోరే చెప్పారు, అయితే మానేయమంటే మానే గుణం ఆలోచనకు లేదు. 1987లో వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వవేత్త కొందరిని కూర్చోబెట్టి, తెల్ల ఎలుగుబంటి గురించి తప్ప దేని గురించైనా ఆలోచించుకోమని, అది గుర్తొచ్చినప్పుడల్లా గంట కొట్టమని చెప్పారు. గంట మోగుతూనే ఉంది. తరువాత ఆ నిషేధం ఎత్తివేసినప్పుడు, మొదటి నుంచీ ఎలుగుబంటినే తలచుకోమని చెప్పిన వారికంటే వీరికే అది ఎక్కువగా గుర్తొచ్చింది. మీరు మేడకూ కత్తికీ దూరమైన కొద్దీ మీ మనసు ‘అక్కడ నిజంగానే ప్రమాదం ఉంది’ అన్న తీర్మానానికి వస్తోంది. అందుకే థెరపిస్టు చేసే పనిలో ఎక్కువ భాగం ఆలోచనను తరిమేయడానికి బదులు, అది వచ్చి కూర్చున్నప్పుడు కూడా మీ చేతులూ కాళ్లూ మీరు కోరిన పనే చేసేలా మిమ్మల్ని సిద్ధం చేయడంగా ఉంటుంది.

మొదటి కలయికలో ఆయన లేదా ఆవిడ మిమ్మల్ని చాలా ప్రశ్నలు అడుగుతారు. ఆ తలంపు ఏ వేళ వచ్చింది, అంతకు ముందు రాత్రి ఎంత నిద్రపోయారు, వచ్చిన వెంటనే ఏం చేశారు, అలా చేశాక ఎంతసేపు నెమ్మదించింది, తిరిగి ఎప్పుడు వచ్చింది. మీ కుంగుబాటు ఎంత ఉందో, ఇది అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి భయం తీర్చుకోవడానికి పదేపదే చేసే పనులు మనిషిని వదలని స్థితి) అనే రుగ్మత అవునో కాదో కూడా చూస్తారు, ఎందుకంటే దానికి ప్రత్యేకమైన, ఫలితమిచ్చే చికిత్స ఉంది. తరువాత చిన్న సాధనలు మొదలవుతాయి. ‘నేను చెడ్డ తల్లిని’ అని మనసు అన్నప్పుడు దానితో వాదించకుండా, ‘నేను చెడ్డ తల్లిని అనే ఆలోచన నాకు ఇప్పుడు వచ్చింది’ అని నెమ్మదిగా అనుకోమంటారు. వినడానికి ఇది అల్పంగా తోచవచ్చు. కొంతకాలం చేస్తే ఆ వాక్యం పట్టు సడలడం చాలామందికి అనుభవంలోకి వస్తుంది. గుండె బరువెక్కినప్పుడు ఆ బరువు ఒంట్లో ఎక్కడ ఉంది, గొంతులోనా, ఛాతీలోనా, అది పెరుగుతోందా తరుగుతోందా అని గమనిస్తూ, దాన్ని అణచకుండా కాసేపు ఉండనివ్వడం నేర్పుతారు. మీ నిబ్బరం చూసుకుంటూ, మొదట థెరపిస్టు తోడుగా, తరువాత మీ అంతట మీరే, మానుకున్న పనులను ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెట్టిస్తారు. వాడు వంటగదిలో ఉండగా బెండకాయలు తరగడం మొదటి మెట్టు కావచ్చు, వాడి చేయి పట్టుకుని మేడ మీద ఐదు నిమిషాలు నిలబడటం ఆ తరువాతది కావచ్చు.

ఈ సాధనల్లో కొన్ని ‘యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ’ అనే పద్ధతివి; ఆలోచనలతో పోరాడకుండా వాటిని ఉండనిస్తూనే, మనకు విలువైన పనికి కట్టుబడటం ఇది నేర్పుతుంది. 1980ల నుంచి స్టీవెన్ హేస్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు దీన్ని రూపొందించారు. 2006లో బ్లాక్‌లెడ్జ్, హేస్ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఇరవై మందికి మొత్తం 14 గంటల శిక్షణ ఇస్తే, వారి కుంగుబాటు, మానసిక వేదన తగ్గినట్లు మూడు నెలల తరువాత కూడా కనిపించింది. అది చిన్న అధ్యయనం, పోల్చి చూడటానికి శిక్షణ లేని మరో బృందం అందులో లేదు, కనుక దాన్ని తిరుగులేని రుజువుగా నేను చెప్పను. అయినా అది నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ శిక్షణ బిడ్డను మార్చడానికి ఇచ్చినది కాదు, కన్నవారి వేదనను నేరుగా పట్టించుకుని ఇచ్చినది. మన దగ్గర బిడ్డ ఫైలు చేతికిచ్చి ‘ఇంట్లో ఇవి చేయించండి’ అని పంపుతారే గానీ, ‘అమ్మా, మీరెలా ఉన్నారు?’ అని అడిగేవారు తక్కువ.

కర్మ గురించి మీ అత్తగారి మాటకు మీరు ఎదురు చెప్పనవసరం లేదు, నమ్మనవసరం అంతకన్నా లేదు. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే ఆటిజం వస్తుందని పాశ్చాత్య దేశాల వైద్యులే ఒకప్పుడు నమ్మి ఎందరో తల్లులను ఏడిపించారు. 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ కవల పిల్లలను పరిశీలించి ఇందులో జన్యువుల పాత్ర పెద్దదని చూపారు, ఆ తరువాతి పరిశోధనలు దాన్ని బలపరిచాయి. మీ పెంపకం వల్ల ఇది రాలేదు. మరొక సంగతి: నాలుగేళ్లుగా సరైన నిద్ర లేని మనిషి మనసులోకి ఎటువంటి ఆలోచనైనా చొరబడుతుంది. వారంలో రెండు రాత్రులు బాబు పక్కన మీ వారు పడుకుని, మీరు వేరే గదిలో తలుపు వేసుకుని నిద్రపోయే ఏర్పాటు ఈ వారమే చేసుకోండి. థెరపిస్టు వద్దకు ఆయననూ ఒకసారి తీసుకువెళ్లండి. ఆయనకూ ఎవరితోనూ చెప్పుకోని దిగులు ఉండే ఉంటుంది.

ప్రశ్న: నాకు విజయవాడ ఆటోనగర్‌లో చిన్న వ్యాపారం ఉంది. మా అమ్మాయి ఊరి శివారు రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. వారాంతపు పరీక్షలో మార్కులు తగ్గితే ఆదివారం ఫోన్‌లో నోటికి వచ్చినట్లు తిట్టేస్తాను. పెట్టేశాక పేపర్లో చదివిన విద్యార్థుల మరణ వార్తలే కళ్ల ముందు ఆడతాయి. వార్డెన్‌కు మళ్లీ మళ్లీ ఫోన్ చేస్తాను. మా ఆవిడ పిల్లను కౌన్సెలింగ్‌కు పంపుదాం అంటోంది. పంపాలా?
– ఒక తండ్రి, పటమట

జవాబు: అయ్యా, ముందు మీరు వెళ్లండి. అమ్మాయితో నేరుగా మాట్లాడి, ఆమె తిండి, నిద్ర ఎలా ఉన్నాయో, చదువు మీద, బతుకు మీద విరక్తి మాటలు అంటోందేమో తెలుసుకోవడం ఈ రోజే జరగాలి; అటువంటివి ఉంటే ఆమెను ఇంటికి తెచ్చి వైద్యులకు చూపించాలి, పరీక్షలు ఆ తరువాతి సంగతి. అవి లేకపోతే, మీ ఇంట్లో ప్రస్తుతం చికిత్స కావలసినది మీ భయానికి.

మార్కు తగ్గిందని వినగానే ఈ పిల్ల భవిష్యత్తు ఏమవుతుందోనన్న భయం కలుగుతుంది. ఆ భయాన్ని అరక్షణం కూడా ఓర్చుకోలేక అది కోపంగా నోటివెంట వస్తోంది. తిట్టాక అపరాధ భావం, దాని వెంట మరింత పెద్ద భయం, దాన్ని చల్లార్చుకోవడానికి వార్డెన్‌కు ఫోన్. ‘బాగానే ఉంది సార్’ అని ఆయన అన్న మాట గంటసేపు పనిచేసి, ఆ తరువాత మళ్లీ వినాలనిపిస్తుంది. థెరపిస్టు ఈ వరుసను మీ ఎదుట కాగితం మీద గీసి, ఏ చోట మీరు వేరే పని చేయగలరో మీతోనే చెప్పిస్తారు. కొందరికి అది మార్కుల మెసేజ్ చూసిన తరువాత ఫోన్ చేయకుండా అరగంట నడవడం. కొందరికి తొలి పది నిమిషాలు చదువు ఊసెత్తకుండా మాట్లాడటం. ఆ అరగంటలో భయం తగ్గకపోవచ్చు. తగ్గనవసరం లేదు కూడా. అది గుండెల్లో ఉండగానే కూతురితో మెత్తగా మాట్లాడగలనని మీకు తెలిసిరావడమే అక్కడ జరగవలసిన పని.

కూతురి విషయంలో ఎటువంటి తండ్రిగా ఉండాలనుకుంటున్నారు అని కూడా వారు అడుగుతారు. ర్యాంకు తెప్పించిన తండ్రిగానా, కష్టం వస్తే మొదట ఫోన్ చేయాలనిపించే తండ్రిగానా అన్నది మీరే ఆలోచించుకోవలసిన విషయం. ఈ ఆదివారం ఫోన్ చేసి, పోయిన వారం అన్న మాటలకు క్షమించమని అడగండి. బిడ్డ ముందు తండ్రి తగ్గితే గౌరవం పోతుందని మన వాళ్లు అనుకుంటారు. నేను చూసిన ఇళ్లలో అలా జరగలేదు.

ప్రశ్న: సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే మందులు మింగాలా? సరైనవారో కాదో ఎలా తెలుసుకోవాలి? మా ఇంటి సంగతులు బయటికి పొక్కవు కదా?
– ఒక గృహిణి, భవానీపురం, విజయవాడ

జవాబు: మందులు రాసేది సైకియాట్రిస్టు, అంటే వైద్యుడు. సైకాలజిస్టు మాటల ద్వారా, సాధనల ద్వారా చికిత్స చేస్తారు, మందు అవసరమనిపిస్తే వైద్యుని వద్దకు పంపుతారు. క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో నమోదు సంఖ్య ఉండాలి. దాన్ని అడగడం మర్యాద తక్కువ పని కాదు. వారానికోసారి చొప్పున కొన్ని నెలలు పట్టవచ్చు, కనుక ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోండి. ఆ ఫీజు భరించలేని స్థితి అయితే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లడానికి సంకోచించవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలను గోప్యంగా ఉంచడం చికిత్స చేసేవారి బాధ్యత. మీ భర్త గానీ, అత్తమామలు గానీ అడిగినంత మాత్రాన మీరు చెప్పినవి వారికి చేరవేయకూడదు. మరొకరికి హాని జరిగే ప్రమాదం, ప్రాణాపాయం వంటి కొన్ని సందర్భాలకు చట్టంలో మినహాయింపు ఉంది. ఆ సందర్భాలు ఏవో మొదటి రోజే అడిగి, సమాధానం విన్న తరువాతే మీ మాట మొదలుపెట్టండి.