పక్క ఊళ్లో ఆశా కార్యకర్త పోస్టు ఖాళీగా ఉంటే మనం అప్లై చేయొచ్చా?

సాధారణంగా కుదరదు, ఆశా కార్యకర్త ఆ ఊళ్లోనే కాపురముంటున్న మహిళ అయి ఉండాలి, కోడలిగా వచ్చినావిడైనా సరే. పనే అలాంటిది మరి: టీకాల రోజున ఇంటింటికీ తిరిగి తల్లులను పిలుచుకురావాలి, అర్ధరాత్రి నొప్పులొస్తే గర్భిణికి తోడుగా ఆస్పత్రికి వెళ్లాలి. పొరుగూరి నుంచి ఆటోలో వచ్చి చేసేది కాదు. పోస్టుల లెక్కా జనాభాను బట్టే, సుమారు 1000 మందికి ఒకరు. అంటే 3000 జనాభా ఉన్న మైదాన గ్రామంలో ముగ్గురు. వాళ్లలో ఎవరైనా మానేస్తేనే ఖాళీ. పాడేరు, అరకు లాంటి ఏజెన్సీలో ఇళ్లు విసిరేసినట్టు ఉంటాయి కాబట్టి, నిబంధన సడలించి గూడేనికొకరిని పెట్టుకోవచ్చు. చాలామంది దీన్ని పర్మినెంట్ గవర్నమెంటు ఉద్యోగం అనుకుంటారు. కాదు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఈ పనికి ఇచ్చేది గౌరవ వేతనం, ప్రోత్సాహకాలే.